ముసురుపట్నం పడవవాడు

రెండువేల తొమ్మిది నాటికి అనకాపల్లిలో మనిషి పుట్టినా ఫ్లెక్సే, ఆడపిల్ల పెద్దమనిషైనా ఫ్లెక్సే, ఎవరైనా పోతే మాత్రం తప్పనిసరిగా ఫ్లెక్సే. పొద్దున్న ప్రాణం పోతే మధ్యాహ్నానికల్లా నాలుగురోడ్ల దగ్గర "అశ్రునివాళి" అంటూ ఆరడుగుల బొమ్మ లేచేది. కట్టెలు ఆలస్యమైతే సర్దుకునేవారు గానీ ఫ్లెక్సు ఆలస్యమైతే బంధువులు ఊరుకునేవారు కారు. ఆ బొమ్మల్లో సగం త్రినాధరావు షాపులోవి. త్రినాధరావు షాపులోవన్నీ పద్మకుమారి చేసినవే.

ముప్పై ఒక్క ఏళ్ల పద్మకుమారి అక్కడ డిజైనరు. అదేం శాపమో, పోయినవాళ్లకు విడిగా తీయించుకున్న మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. బంధువులు ఏ పెళ్లిలోనో దిగిన గ్రూపు ఫొటో పట్టుకొస్తారు. పక్కన నవ్వుతున్న బావమరుదుల్నీ, భుజం మీద చెయ్యి వేసిన తోడల్లుణ్ణీ కోసేసి, పోయినవాడి మొహం ఒక్కటీ బయటికి తీయాలి. మౌసుతో వెంట్రుక వెంట్రుకా చూసుకుంటూ చుట్టూ గీత గీయాలి. షాపు భాషలో దీన్ని కటింగ్ అంటారు. ఆ తర్వాత వెనక మేఘాలు, పక్కన దీపం, కింద జననం, మరణం. ప్రింటు అయిపోగానే ఆ మొహాన్ని కంప్యూటరులోంచి తీసి పారేయాలని త్రినాధరావు ఆర్డరు. లేకపోతే మిషను నెమ్మదిస్తుందట.

పద్మ పారేయలేకపోయింది. మొదటిసారి అలా జరిగింది ఒక ఆరేళ్ల పిల్ల దగ్గర. ఆ పిల్లది ఉంగరాల జుట్టు, ఒక్కో ఉంగరం చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర పట్టింది. గంటన్నర సేపు ఒక పిల్ల జుట్టు సవరించాక ఆ పిల్లను చెత్తబుట్టలో వేయడానికి చెయ్యెలా వస్తుంది? రాలేదు. ఆ మొహాన్ని తీసుకెళ్లి ముసురుపట్నంలో, కాగితప్పడవలు అమ్ముకునే పిల్లగా పెట్టింది.

ముసురుపట్నం ఏ మండలమని అడక్కండి. అది పద్మ కట్టిన ఊరు. ఇంటర్నెట్లో గురువారం గురువారం ఒక్కో పేజీ చొప్పున ఆమె పెడుతున్న బొమ్మల కథ అది. ఆ ఊళ్లో సూర్యుడు అలిగి వెళ్లిపోయాడు, అతన్ని వెతకడానికి ఒక పిల్ల బయల్దేరుతుంది. అక్కడ వాన ఆగదు. కుంభవృష్టి కాదు, మన శ్రావణమాసపు ముసురులాంటిది, అదే పనిగా పడుతుంటుంది. వీధులన్నీ కాలవలే. గొడుగనే వస్తువు ఆ ఊళ్లో పుట్టలేదు. ప్రతి తలుపు మీదా ఒక బోర్డు, దాని మీద ఆ ఇంటి మనిషి పేరు రంగుతో రాసి ఉంటుంది. పేరున్నంత కాలం మనిషి ఉంటాడు. వాన పేరును కడిగేస్తే మనిషి ముసురులో కలిసిపోతాడు. అందుకని రోజూ పడవ వేసుకుని ఊరంతా తిరిగి, వెలిసిపోతున్న పేర్లను మళ్లీ రాసే ముసలాయన ఒకడున్నాడు. ఆ ఊళ్లో రాజుకంటే ఆయనే పెద్ద. ఈ కట్టుబాట్లన్నీ పద్మ ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

పేర్లు రాసే ఆ ముసలాయనకు మొహం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పద్మ తండ్రి పరదేశి నుంచి. ఆయనకు ముందు పుట్టినవాళ్లు ముగ్గురు పోతే, ఈసారి పుట్టినవాడు మనవాడు కాదన్నట్టు చావును ఏమార్చడానికి ఆయనకు ఆ పేరు పెట్టారు. అరవై రెండేళ్లు ఏమార్చాడు కూడా. ఆయన సైన్‌బోర్డు పెయింటరు. మెయిన్‌రోడ్డు బట్టల షాపులు, బెల్లం మార్కెట్లో దళారుల గదులు, సినిమాహాలు గోడలు, ఆ చెయ్యి పడని చోటు లేదు. ఫ్లెక్సు మిషన్లు వచ్చి ఆ చెయ్యి ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. కూతురేమో వెళ్లి ఆ మిషను దగ్గరే ఉద్యోగంలో చేరింది. మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియక ఆయన ఊరుకున్నాడు.

కథ మొదలుపెట్టిన కొత్తలో తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. "దానికేటి, నాను రాత్తాను. బొమ్మలో బొమ్మగా ఎల్లిపోద్ది" అన్నాడు పరదేశి. పాత్రలు మాట్లాడే ప్రతి మాటా ఆయనే బ్రష్షుతో రాసేవాడు. ఆ పనితో ఆయన మొహంలోకి మళ్లీ కళ వచ్చింది. ఆఖరు సంవత్సరం చెయ్యి వణికేది, అక్షరాలు కాస్త చలిలో నిలబడ్డట్టు ఉండేవి. పోయే ముందు నెల వరకూ రాశాడు.

ఆయన పోయాక పద్మ తన చేత్తో రాయలేదు. పాత పేజీల్లోంచి ఆయన అక్షరాలను ఒక్కొక్కటే కటింగ్ చేసి, పక్కపక్కన అతికించి మాటలు కట్టేది. ఆయన ఎప్పుడూ రాయని ఒత్తు ఏదైనా తగిలితే ఆ మాట మానేసి వేరే మాట వెతుక్కునేది. పోయిన రెండేళ్లకు కూడా పరదేశి గురువారం గురువారం కూతురికి రాసిపెడుతూనే ఉన్నాడన్నమాట. పడవ మీది ముసలాయనకు ఆయన మొహం పెట్టింది కూడా అప్పుడే.

ఆ తర్వాత ఇంక పద్మను పట్టేవాళ్లు లేకపోయారు. పారేయడానికి చెయ్యి రాని ప్రతి అశ్రునివాళి మొహమూ ముసురుపట్నంలో తేలింది. మూటలు మోసి మోసి నడుం విరిగి పోయినవాణ్ణి అక్కడ అరుగు మీద కూర్చోబెట్టింది. కాన్పులో పోయిన అమ్మాయి చంకలో బిడ్డను పెట్టింది. అరవై మూడు మొహాలయ్యాయి. కథ చదివేవాళ్లు నూట ఎనభై మంది, ఎక్కడెక్కడివాళ్లో, వాళ్లకీ సంగతి తెలియదు. నోటుబుక్కు ప్రకారం నూట యాభయ్యో పేజీలో సూర్యుడు దిగిరావాలి, వాన ఆగాలి, కథ కంచికి చేరాలి. నూట యాభై దాటి ముప్పై వారాలైనా పద్మ ఆ వానను ఆగనివ్వలేదు.

అలాంటి రోజుల్లో కొండతల్లి వచ్చింది.

కొండతల్లిది కశింకోట అవతల ఒక పల్లె. చెరుకు రైతు సన్యాసిరావు భార్య. కొడుకు బాబ్జి ఇరవై రెండేళ్లవాడు. కిందటేడు గానుగల రోజుల్లో చెరుకు లోడు ట్రాక్టరు కాలవగట్టు మీద తిరగబడి, దాని కింద పడి చనిపోయాడు. అతని ఫ్లెక్సు పద్మే చేసింది. తర్వాత అతనికి ముసురుపట్నంలో ఒక పడవ ఇచ్చింది. బాబ్జి స్నేహితుడు తారక్ సబ్బవరం దగ్గర ఇంజినీరింగు చదువుతున్నాడు. కాలేజీ కంప్యూటర్లో ఆ బొమ్మ చూసి అదిరిపోయి, తిన్నగా వెళ్లి కొండతల్లికి చెప్పేశాడు. ఇద్దరూ దెబ్బలాటకని ఆటో ఎక్కి వచ్చారు.

"ఎవర్ని అడిగి గీసేరండీ? మనిషి పోతే మీకు బొమ్మలాటగా ఉందేటి?" అని తారక్ షాపు గుమ్మంలోనే అందుకున్నాడు.

కొండతల్లి మాత్రం దెబ్బలాట సంగతే మర్చిపోయి, కంప్యూటరు మీదికి వంగి చూస్తూ ఉండిపోయింది.

"తడిసిపోతన్నాడు" అంది చాలాసేపటికి. "గొడుగు నేదేటమ్మా ఆడికి?"

"ఆ ఊళ్లో గొడుగులుండవు పిన్నీ."

"ఇదేటి ఊరమ్మా, ముదనట్టపూరు. మళ్లీ ఎప్పుడు గీత్తావు?"

"గురువారం."

మరుసటి గురువారానికి పడవవాడి నెత్తిన తాటాకు గిడుగు వచ్చింది. గొడుగులు ఉండకూడదని నోటుబుక్కులో ఉంది గానీ గిడుగులు ఉండకూడదని ఎక్కడా రాయలేదని పద్మ తనకు తనే సర్దిచెప్పుకుంది. అది మొదలు కొండతల్లి ప్రతి గురువారం మూడు గంటల ఆటోకి దిగిపోయేది. ఆమెకు చదువు రాదు కాబట్టి పద్మ మాటలు చదివి వినిపించేది. కొండతల్లి వేలితో కొడుకు మొహం తడిమి చూసేది. తెర మీద వేలిముద్రలు పడుతున్నాయని త్రినాధరావు గొణిగేవాడు. కొండతల్లి ఎప్పుడూ వట్టి చేతులతో రాలేదు, ఉడకబెట్టిన కందికాయలో, జున్నుముక్కో కొంగున కట్టుకొచ్చేది. ఆడికెలాగూ పెట్టలేను, నువ్వు తినమ్మా అని పద్మ చేతిలో పెట్టి, తినేదాకా కదిలేది కాదు.

"ఆడు అన్నం తిన్నాడేటి?" అని అడిగేది చివర్న. పద్మ తర్వాతి పేజీలో తినిపించేది. ఒక వారం చేపలపులుసు, ఒక వారం గంటంబలి, పండగొస్తే బూరెలు. సూర్యుణ్ణి వెతుకుతున్న పిల్ల ఎక్కడో కొండ మీద ఆగిపోయి అక్కడే ఉంది. "ఇది కథా, మెస్సు మెనూనా?" అని ఒకడు సైటులో రాశాడు. "పడవవాడికి ఈ వారం అరుగుతోందా?" అని ఇంకొకడు. పద్మ పట్టించుకోలేదు. కొండతల్లి ఒక గురువారం రాకపోతే ఆమెకే తోచేది కాదు.

మార్చి నెల మొదటి సోమవారం సన్యాసిరావు వచ్చాడు. ఎలక్షన్ల రోజులు, షాపు నిండా జనం, జెండాల రంగుల మీద తగాదాలు. ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మం పక్కన రెండు గంటల సేపు నిలబడ్డాడు. భోజనాల వేళకు జనం పల్చబడ్డాక లోపలికి వచ్చాడు.

"పద్మకుమారంటే నువ్వేనేటమ్మా?"

"నేనే బాబాయ్. ఫ్లెక్సుకా?"

"కాదు తల్లీ. నాను బాబ్జిగాడి నాయన్ని."

పద్మ లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"శనివారం ఆడి ఏడాది సేసేం" అన్నాడు. "కాకి ముట్టనేదమ్మా."

పోయినవాళ్లకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే, వాళ్లకు ఇంకా ఏదో కోరిక మిగిలి ఉందని అర్థం. అది మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ కోరికేదో కనిపెట్టి, తీరుస్తామని అందరి ముందూ మాటిస్తే కాకి వచ్చి ముడుతుంది. అంతవరకూ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మాటిస్తూనే ఉంటారు.

"గోడ మీదికొచ్చి కూకుంది. ముద్దకేసి సూత్తాది, కిందికి రాదు. నీ సెల్లి పెళ్లి మేం బాగా సేత్తాంరా అన్నాను. రానేదు. నీ మోటరుసైకిలు అమ్మంరా అన్నాను. రానేదు. నాకూ మా అన్నకీ పదేళ్లయ్యింది మాటల్నేక. ఆడికి పెదనాన్నంటే పేణం గదాని, ఆ గోడ కిందే ఇద్దరం మాటాడేసుకున్నాం, కావలించుకుని ఏడిసేం గూడాని. అయినా రానేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆఖరికి ఆవుకి పెట్టేసేం."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అప్పుడు సెప్పేడు తారకు. ఆడు నీ కాడ ఉన్నాడంట గదా. పడవేసుకుని తిరుగుతన్నాడంట. వారం వారం తింతన్నాడంట. ఇక్కడ కడుపు నిండిపోతే అక్కడ ముద్దెందుకు ముడతాడమ్మా?"

పద్మకు ఒళ్లు మండింది. రెండేళ్లుగా ఎవరి దగ్గరా ఒక్క పైసా ఆశించకుండా పోయినవాళ్లను మోస్తున్నది తను. తిప్పి కొట్టినట్టే చెప్పింది.

"అది ఉత్తి బొమ్మ బాబాయ్. కాగితం మీద నేను గీసిన బొమ్మ."

"బొమ్మే గదా తల్లీ" అన్నాడాయన మెల్లిగా. "బొమ్మయితే తీసేడానికేటి?"

పద్మ మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"ఆడిని ఒగ్గీమ్మా, ఎల్లిపోనీ" అని సన్యాసిరావు చేతులు జోడించాడు. ఆ వయసు మనిషి తనకు దండం పెడుతుంటే పద్మ ఎటు చూడాలో తెలియక ప్రింటరు కేసి చూసింది. "ఉగాది ముందు కొత్తమావాస్య నాడు మళ్లీ పెడతాం. ఈలోపల ఆడిని ఒగ్గీ. నానొచ్చేనని మాయావిడితో అనకు. ఆవిడ బెంగెట్టుకుంటాది."

ఆయన వెళ్లాక పద్మ అన్నం తినలేదు. ఆమెకు తన తండ్రి పదకొండో రోజు గుర్తొచ్చింది. మగపిల్లలు లేరని పినతండ్రి కొడుకు కర్మ చేశాడు. ఆమెను ముద్ద దగ్గరికి రానివ్వలేదు, దూరంగా గోడ నీడన నిలబడింది. విస్తరి కింద పెట్టారో లేదో కాకి వచ్చేసింది. మొదటి పిలుపుకే వచ్చి, గబగబా తిని ఎగిరిపోయింది. అదృష్టవంతుడమ్మా మీ అయ్య, ఏ కోరికా మిగల్చకుండా వెళ్లాడు అని అందరూ మెచ్చుకున్నారు. పద్మ మాత్రం ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. పెళ్లీ పెటాకులూ లేని కూతురు గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంటే, ఈ పిల్ల ఏమైపోతుందన్న బెంగైనా లేకపోయిందా ఆయనకు? ఒక్కసారి వెనక్కి తిరిగి చూడనైనా లేదే! ఆ కోపంతోనే ఆయన్ను పడవ ఎక్కించింది. ఆ మాట ఇంతకాలం తనకు తాను కూడా చెప్పుకోలేదు.

మూడు రోజులు కూర్చుని పేజీ గీసింది. బాబ్జి ఇంటి బోర్డు మీద పేరు వెలిసిపోతుంటుంది. ముసలాయన పడవ వచ్చి ఆగుతుంది. ఆయన బ్రష్షు పైకెత్తుతాడు. రాయకుండానే దించేస్తాడు. ఆఖరి గడిలో తలుపు, ఖాళీ బోర్డు, గుంజకు కట్టేసిన పడవ, దాని మీద ఒక గిడుగు. మాటలు పెట్టలేదు. ఇలాంటి పనికి తండ్రి అక్షరాలు వాడడానికి ఆమెకు మనసు ఒప్పలేదు.

గురువారం కొండతల్లి కొత్త బెల్లం ముద్ద ఆకులో చుట్టి తెచ్చింది. పక్కింటివాళ్ల గానుగలో ఆఖరి పాకమట. ముద్ద బల్ల మీద పెట్టి, అలవాటుగా ముందుకు వంగింది.

"ఇయ్యాల మాటల్నేవేటమ్మా?"

"లేవు పిన్నీ."

ఒక్కో గడీ వేలు పెట్టి చూసుకుంటూ కిందికి వచ్చింది. ఆఖరి గడి దగ్గర వేలు ఆగింది. గిడుగు మీద కాసేపు ఉంది, పడవలోకి జరిగింది, తలుపు మీదికి వెళ్లింది, మళ్లీ పడవలోకి వచ్చింది.

"ఆడేడీ?"

పద్మ బెల్లం ముద్దను బల్ల మీద పక్కకు జరిపింది.

"మా ఇంటాయనొచ్చేడు గదా?" అంది కొండతల్లి. "కాకి రానేదని ఎవులికో ఒకలికి దండమెట్టకండా ఊరుకోడని తెలుసు నాకు." ఆమె ఏడవలేదు. తెర కేసి చూస్తూనే అడిగింది. "ఈ పేర్లు రాసే ముసిలాయనెవులు? ఎప్పుడూ అడగనేదు నిన్ను."

"మా అయ్య."

"పోనాడా?"

"రెండేళ్లయ్యింది పిన్నీ."

"అందరి పేర్లూ ఆయన రాత్తాడు. మరి ఆయన పేరు ఎవులు రాత్తారు?"

మూడేళ్ల పైబడి, నూట ఎనభై పేజీల పైబడి, ముసలాయన ఇల్లు పద్మ ఒక్కసారి కూడా గీయలేదు. ఆయన ఎప్పుడూ పడవ మీదే ఉంటాడు. తలుపుంటే బోర్డుండాలి, బోర్డుంటే పేరుండాలి, పేరుంటే వాన కడిగేస్తుంది. నోటుబుక్కులో ఆ పేజీ కావాలనే ఖాళీగా వదిలేసింది.

"ఆయన తలుపు గీయలేదు" అంది.

కొండతల్లి ఆమె మొహంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"నా కొడుకు పేరు సెరిపేసి, మీ అయ్యని మాత్రం పడవ మీద ఉంచుకున్నావా తల్లీ?"

అంతే అని, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. పద్మ తినేదాకా ఆగకుండా వెళ్లడం అదే మొదటిసారి. త్రినాధరావు గుడ్డ తెచ్చి తెర తుడిచాడు.

తర్వాత వారం పద్మ జీవితంలో చెడ్డ వారం. పొద్దంతా అభ్యర్థుల మొహాలకు రంగులద్దేది, మధ్యాహ్నం తీరిక దొరికితే నోటుబుక్కు తెరిచి ఆ ఖాళీ పేజీ ముందు కూర్చునేది. ముసలాయన ఒక్కడితో పోయే పని కాదు అది. రాసేవాడు పోతే మిగతా పేర్లు ఎవరు రాస్తారు? కాగితప్పడవల పిల్ల, చంకలో బిడ్డతో ఉన్న అమ్మాయి, అరుగు మీది మనిషి, వరసగా అన్ని బోర్డులూ తుడిచిపెట్టుకుపోతాయి. ఊరు ఊరంతా పోతుంది. అలాగని ఊరుకుందామంటే కొండతల్లి అడిగిన మాట చెవిలోంచి పోవడం లేదు. నీ కొడుకైతే బొమ్మ, నా తండ్రైతే తండ్రి. ఇదెక్కడి న్యాయమని తనను తానే తిట్టుకుంది.

బుధవారం గీసింది. ఇన్నాళ్లూ గీయని ఇల్లు గీసింది, గవరపాలెంలో తనూ తండ్రీ అద్దెకున్న రెండు గదుల ఇల్లే. తలుపు మీద బోర్డు గీసింది. దాని మీద "పరదేశి" అని రాయాలి. ఆయన అక్షరాలు కోసి అతికించబోయి ఆగిపోయింది. తన పేరు తను రాసుకోకూడదని ఆ ఊరి కట్టుబాటు, పెట్టింది తనే. బ్రష్షు తీసుకుని తన చేత్తో రాసింది. పెయింటరు కూతురన్న మాటేగానీ రాత ఒంకరటింకరగా వచ్చింది. ఆయన చూస్తే నవ్వేవాడు. ఆ తర్వాత గడుల్లో ముసలాయన పడవ దిగి, బ్రష్షు కాలవ నీళ్లలో కడిగి, గుంజకు గుచ్చి, లోపలికి వెళ్తాడు. వాన ఆ ఒంకర పేరు మీద పడుతుంది. ఆఖరి గడి పేజీలో సగం ఉంటుంది. అందులో ఇళ్లు లేవు, పడవలు లేవు, ఎవరూ లేరు. వాన మాత్రం పడుతుంది. ఆ గీతలు గీయడానికే ఆమెకు సాయంత్రమంతా పట్టింది.

మర్నాడు, కొండతల్లి రాని ఆ గురువారం, పేజీ ఇంటర్నెట్లో పెట్టి, కింద "సమాప్తం" అని టైపు చేసింది. "అదేంటి, సూర్యుడు రాలేదు కదా?" అని ఒకరు రాశారు. "యుద్ధం కూడా లేకుండా అయిపోగొట్టారు, నాలుగేళ్లు వేస్టు" అని మరొకరు. ఇంకొకాయన మర్యాదగా శుభాకాంక్షలు చెప్పాడు. పద్మ ఎవరికీ జవాబు రాయలేదు. కంప్యూటరులోని అరవై మూడు మొహాలనూ ఒక్కొక్కటే చూసుకుని తీసేసింది. మిషను ఏమీ వేగం పుంజుకోలేదు.

కొత్తమావాస్య గురువారమే పడింది. నూకాలమ్మ జాతర. ఊరు ఊరంతా గవరపాలెం కేసి నడుస్తోంది, ఘటాలు, డప్పులు, వేపాకు వాసన. షాపులో బేరాల్లేవు. త్రినాధరావు దర్శనానికి వెళ్లొచ్చి, నుదుట ఇంత బొట్టుతో గల్లా దగ్గర కునుకుతున్నాడు. మూడు గంటల వేళ ఆ జనంలోంచి కొండతల్లి వచ్చింది. పద్మ ఆమె వస్తుందని అనుకోలేదు. లేచి నిలబడింది.

కొండతల్లి కుర్చీలో కూర్చుని, పద్మ ఇచ్చిన నీళ్లు తాగింది.

"పొద్దున్న మళ్లీ పెట్టేం" అంది.

"ముట్టిందా పిన్నీ?"

"విస్తరి కింద పెట్టి సెయ్యి తియ్యనేదమ్మా, వచ్చీసింది. ఎవులూ మాటియ్యనేదు, పిలవనైనా పిలవనేదు. గబగబా తినీసి ఎగిరిపోనాది. మా ఇంటాయన నేల మీద పడి దండమెట్టేడు. అందరూ సంబరపడిపోనారు." గ్లాసు బల్ల మీద పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పింది. "అక్కడే ఉన్నానమ్మా నాను. గోడ కాడే నిలబడ్డాను. నాకేసి ఒకపాలి తిరిగి సూడనైనా నేదు."

అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా ఎక్కడ దాచుకుందో, డప్పుల మోతను మించి ఏడ్చింది. త్రినాధరావు ఉలిక్కిపడి లేచాడు. పద్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అయ్యా అంతే పిన్నీ" అంది. "నేనూ గోడ దగ్గరే ఉన్నాను."

తర్వాత పద్మ సొరుగు తీసి, ఆకులో చుట్టిన బెల్లం ముద్ద బయటపెట్టింది. మూడు వారాల ఉక్కకు అది చెమ్మెక్కి ఆకుకు అంటుకుపోయింది. వేళ్లతో రెండు ముక్కలు చేసి ఒకటి కొండతల్లి చేతిలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

"ఇంక బొమ్మల్నేవు గదా?" అని అడిగింది కొండతల్లి, వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ.

"లేవు పిన్నీ. అయిపోయింది. ఆఖర్న వానొక్కటే ఉంది."

"పోనీ ఆ వానైనా సూపించమ్మా."

పద్మ ఆఖరి పేజీ తెరిచింది. కొండతల్లి కుర్చీ దగ్గరికి లాక్కుని, బెల్లం జిగురింకా వదలని వేలు తెర మీద పెట్టి, ఒక్కో చినుకునూ తడుముతూ కూర్చుంది. త్రినాధరావు అది చూశాడు గానీ గుడ్డ కోసం లేవలేదు.